స్కూబా డైవింగ్‌కి సొంత రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) కొనాలనుకుంటున్నా, ఏ బ్రాండ్ నమ్మాలి?

కృష్ణలంక_కుర్రోడు (విజయవాడ, ఉద్యోగం హైదరాబాద్)

అందరికీ నమస్కారం. పోయినేడు హావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేశాను. తర్వాత పుదుచ్చేరిలో, మురుడేశ్వర్ దగ్గర నేత్రాణిలో దిగాను. మొత్తం 22 డైవ్‌లు. ఇప్పటిదాకా సామాను మొత్తం అద్దెదే.

పోయిన నెల ఒకచోట (ఎక్కడో చెప్పను, అక్కడి కుర్రాళ్లు మంచివాళ్లు) 14 మీటర్ల లోతులో ఉండగా, పీల్చిన ప్రతిసారీ గాలితోపాటు ఉప్పునీళ్లు గొంతులోకి వచ్చాయి. పర్జ్ (నీళ్లు బయటికి గెంటే బటన్) నొక్కాను, గట్టిగా ఊదాను, అయినా ఆగలేదు. ఆక్టోపస్ (అదనంగా ఉండే రెండో మౌత్‌పీస్) నోట్లో పెట్టుకుని మా గైడ్‌కి చెయ్యి ఊపి పైకి వచ్చేశాను. పడవ మీద చూస్తే మౌత్‌పీస్‌ని బిగించే ప్లాస్టిక్ టై లేదు. రబ్బరు పంటికింద అర అంగుళం చీలిపోయి ఉంది. దిగేముందు నేనూ చూసుకోలేదు. ఆ రోజు నుంచి నోట్లో పెట్టుకునేది మాత్రం సొంతదే ఉండాలని నిశ్చయించుకున్నాను.

బడ్జెట్ లక్షా ఇరవై వేలు. స్కూబాప్రో, ఆక్వాలంగ్, మారెస్, క్రెస్సి, ఎపెక్స్ పేర్లు వింటున్నాను. వీటిలో ఏది నమ్మకం? బీసీడీ (గాలి నింపుకుని తేలే జాకెట్) కూడా కొనాలా? నాకు సైట్ ఉంది, రెండు కళ్లకీ మైనస్ 3.5. ఇంకో మాట, ఆన్‌లైన్‌లో అర లీటరు చిన్న సిలిండర్, చేత్తో కొట్టే పంపుతో సహా అమ్ముతున్నారు. ఈతకొలనులో అభ్యాసానికి పనికొస్తుందా?

అలలమీద (వైజాగ్, ఇప్పుడు అండమాన్‌లో ఇన్‌స్ట్రక్టర్)

తమ్ముడూ, ఆక్టోపస్‌కి మారి నిదానంగా పైకి వచ్చావు చూడు, అది చాలా మంచి పని. మొదట అది చెప్పాలనిపించింది.

నువ్వు రాసిన ఐదు పేర్లూ నమ్మదగ్గవే. యూరప్‌లో రెగ్యులేటర్ అమ్మాలంటే ఈఎన్ 250 ప్రమాణం దాటాలి, ఆ ఐదూ దాటినవే. వాటిలో ఏది గొప్పదని మా షాపులోనే రోజూ వాదులాడుకుంటారు. నేను పదకొండేళ్లుగా సామాను మోస్తున్నాను. చెడిపోయిన రెగ్యులేటర్లు నా చేతిలోకి వచ్చినప్పుడు, తప్పు కంపెనీది అయిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ సర్వీసు చేయించనివే.

అందుకే నువ్వు ప్రశ్న తిరగేసి అడగాలి. నువ్వు తరచూ వెళ్లే చోట ఏ బ్రాండ్‌కి శిక్షణ పొందిన మెకానిక్ ఉన్నాడు? వాడి దగ్గర సర్వీస్ కిట్ (మార్చాల్సిన చిన్న పార్టులు) దొరుకుతుందా, లేక విదేశం నుంచి తెప్పించాలా? కిట్ కోసం మూడు నెలలు ఎదురుచూసే రెగ్యులేటర్ ఎంత గొప్పదైనా ఆ సీజన్‌కి నీకు లేనట్టే. కొనేముందు మూడు డైవ్ సెంటర్లకి ఫోన్ చేసి ఈ ఒక్క ప్రశ్న అడుగు.

షార్జా_కరీంనగర్

అన్న చెప్పింది నిజం. నేను దుబాయ్‌ల మారెస్ కొన్న, ధర తక్కువ పడ్డది. ఫుజైరాల, ముసందంల మస్తు డైవ్‌లు చేసిన, ఒక్కసారి గూడ ఇబ్బంది పెట్టలే. కానీ సెలవుల ఇంటికొచ్చినప్పుడు సర్వీసుకిస్తే, వారంటీ కొన్న దేశంలనే చెల్లుతదన్నరు. పార్టుల పైసలు నేనే పెట్టుకున్న. బయట కొనేటోళ్లు రసీదు దాచుకోండ్రి, వారంటీ ఏడ చెల్లుతదో దుకాణంలనే అడుగుండ్రి.

ఇంకోటి, డిన్ (సిలిండర్ వాల్వ్ లోపలికి మరతోటి బిగించేది) తీసుకోవాల్నా యోక్ (వాల్వ్ చుట్టు తగిలించి బిగించేది) తీసుకోవాల్నా అని కూడ అడుగుతవేమో. నేను చూసినకాడికి మన దేశంల అద్దె సిలిండర్లు ఎక్కువ యోక్‌వే. డిన్ తీసుకుంటే యోక్ అడాప్టర్ సంచిల పెట్టుకో. డిన్‌ల ఓ-రింగ్ (గాలి కారకుండ ఆపే రబ్బరు రింగు) లోపల ఇరుక్కుని ఉంటది గనక బయటికి తన్నుకుని రాదు. నాకైతే డిన్ మీదనే మనసు.

పాతడైవర్_గాజువాక (నేవీలో చేసి, ఇప్పుడు ఓడల అడుగు తనిఖీ పనిలో)

బాబూ, ఆ అర లీటరు సీసా గురించి నేను చెప్తాను, జాగ్రత్తగా విను.

అర లీటరు సిలిండర్‌లో 200 బార్ (మామూలు గాలికి దాదాపు 200 రెట్ల ఒత్తిడి) నింపితే వచ్చేది 100 లీటర్ల గాలి. కుదురుగా ఉన్న మనిషి పైన నిమిషానికి దాదాపు 20 లీటర్లు పీలుస్తాడు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెండింతలు, కాబట్టి నిమిషానికి 40 లీటర్లు ఖర్చు. అంటే నీకు దొరికేది రెండున్నర నిమిషాలు. భయపడితే అది కూడా రాదు. నిమిషానికి 9 మీటర్ల వేగంతో పైకి రావడానికే ఒక నిమిషం దాటుతుంది. ఇక నువ్వు రోజూ తగిలించుకునే పెద్ద అల్యూమినియం సిలిండర్ 11.1 లీటర్లు, 200 బార్ దగ్గర 2,220 లీటర్లు. ఆ రెండిటికీ పోలికెక్కడుంది?

ఈతకొలనులో కదా అనుకోకు. గాలి అయిపోయిందని గాభరాలో ఊపిరి బిగబట్టి పైకి తన్నుకొస్తే, మూడు నాలుగు మీటర్ల లోతు నుంచైనా ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. పై 10 మీటర్లలోనే ఒత్తిడి సగానికి పడిపోతుంది, అక్కడే ప్రమాదం ఎక్కువ. చేతిపంపు గాలిలో తేమ ఎంత ఉందో, నూనె ఎంత ఉందో ఎవరు చూశారు? మన దేశంలో గ్యాస్ సిలిండర్లకి 2016 నిబంధనలు ఉన్నాయి, పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం కావాలి. సిలిండర్ భుజం మీద చెక్కిన ముద్రలు చూడు. పరీక్ష చేసిన తేదీ లేని సీసాలో ఒత్తిడి నింపడమంటే బాంబు పక్కన కూర్చోవడమే.

నీ వయసు పిల్లలు మా కాలనీలో ఇద్దరు అది కొన్నారు. ఇద్దరి చేతా తిరిగి పంపించేశాను. నువ్వు కొనొద్దు.

కృష్ణలంక_కుర్రోడు

బాబాయ్, కొనను. ఆ 100 లీటర్ల లెక్క నాకెవరూ చెప్పలేదు. ఇక పిస్టన్, డయాఫ్రమ్ అంటారు కదా, ఆ తేడా ఎవరైనా తెలుగులో చెప్తారా? ఎంత చదివినా బుర్రకెక్కడం లేదు.

పానా_స్క్రూడ్రైవర్ (వైజాగ్, రెగ్యులేటర్ సర్వీసు)

చెప్తాను, నా పనే ఇది.

సిలిండర్‌లో ఉండేది 200 బార్. సిలిండర్‌కి తగిలించే భాగాన్ని ఫస్ట్ స్టేజ్ అంటారు, అది ఆ ఒత్తిడిని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కన్నా 9, 10 బార్ ఎక్కువ దాకా తగ్గించి గొట్టంలోకి వదుల్తుంది. నోటి దగ్గరున్న సెకండ్ స్టేజ్ దాన్ని నీ పీల్పుకి తగ్గట్టు ఇస్తుంది. ఆ మొదటి తగ్గింపు చేసే తలుపుని నడిపేది పిస్టన్ అయినా కావొచ్చు, సాగే రబ్బరు పొర అయినా కావొచ్చు.

పిస్టన్‌లో కదిలే ముక్కలు తక్కువ. స్కూబాప్రో ఎంకే2 చూడు, క్రెస్సి ఏసీ2 చూడు, విప్పితే నా అరచేతిలో పట్టేస్తుంది. అద్దె సామానుకి అందుకే అవి వాడతారు. కానీ పిస్టనూ స్ప్రింగూ సముద్రపు నీళ్లలో తడుస్తూ ఉంటాయి. ఈ చవక రకాలు అన్‌బ్యాలెన్స్‌డ్. సిలిండర్ ఖాళీ అవుతున్న కొద్దీ పీల్చడం బరువవుతుంది. 12 మీటర్ల దగ్గర నీకది తెలీదు. 30 మీటర్లలో, 50 బార్ మిగిలినప్పుడు తెలుస్తుంది.

డయాఫ్రమ్ రకంలో లోపలి తలుపుకి నీళ్లు తగలవు. దాని మీద ఇంకో పొర వేసి సీలు చేసిన రకాల్లో స్ప్రింగ్‌కి కూడా తగలవు. స్కూబాప్రో ఎంకే17 అలాంటిదే. ఎపెక్స్‌లో ఎక్కువ మోడళ్లు బ్యాలెన్స్‌డ్ డయాఫ్రమే. నిజానికి ఈ సీలు చలి దేశాల కోసం పెట్టింది, 10 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లలో లోపల మంచు పట్టకుండా. మన నీళ్లు 27, 28 డిగ్రీలు ఉంటాయి కాబట్టి మంచు బెడద లేదు. కానీ మన తీరంలో బురద ఉంది. వానల తర్వాత రుషికొండలో దిగి వచ్చిన మామూలు పిస్టన్ విప్పితే, స్ప్రింగ్ చుట్టల మధ్య సన్నటి ఒండ్రు, ఉప్పు కలిసి ముద్దలా కనపడుతుంది. గోరుతో గీకితే పొడిగా రాలుతుంది. అది చూసిన దగ్గర నుంచి ఇక్కడ దిగేవాళ్లకి సీలు ఉన్న డయాఫ్రమే చెప్తున్నాను. అండమాన్ తేట నీళ్లలో మాత్రమే దిగేవాళ్లకి ఆ డబ్బు పెట్టక్కర్లేదు.

బే_ఏరియా_బందరు

పానా గారి మాటకి నా అనుభవం కలుపుతున్నాను. నేను కాలిఫోర్నియాలోని మాంటెరేలో దిగుతాను, నీళ్లు 10 నుంచి 15 డిగ్రీలు, ఏడు మిల్లీమీటర్ల సూట్ వేసుకున్నా పళ్లు కొట్టుకుంటాయి. అక్కడ సీలు ఉన్నది తప్పనిసరి అనుకుని కొన్నాను, మంచిదే అయింది.

ఇంకో సంగతి గమనించాలి. ఈ కంపెనీల యజమానులు మారుతున్నారు. కుస్తో, గాన్యాన్ 1943లో తయారుచేసిన ఆక్వాలంగ్ పేరుతో నడిచే కంపెనీ అప్పుల్లో పడి, 2025లో హెడ్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. మారెస్ ఎప్పటినుంచో ఆ హెడ్‌దే. ఎపెక్స్ ఆక్వాలంగ్‌తోపాటే వెళ్లింది. అంటే కుర్రాడు అడిగిన ఐదు పేర్లలో మూడు ఇప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాయి. స్కూబాప్రో 1963లో మొదలైంది, అది జాన్సన్ అవుట్‌డోర్స్‌ది. క్రెస్సి మాత్రం 1946 నుంచి జెనోవాలో క్రెస్సి కుటుంబం పేరుతోనే ఉంది. యజమాని మారినంత మాత్రాన రెగ్యులేటర్ చెడిపోదు కానీ, పాత మోడల్‌కి కిట్లు తయారుచేయడం ఆపేస్తే మన చేతిలో ఉన్నది అలంకార వస్తువవుతుంది. అందుకే ఎన్నో ఏళ్లుగా మార్చకుండా అమ్ముతున్న మోడల్ చూసుకోవాలి. కొత్తగా మెరిసేది వద్దు.

నీటిపిట్ట (రాజమండ్రి)

అందరూ రెగ్యులేటర్ దగ్గరే ఆగిపోయారండి. కృష్ణలంక తమ్ముడికి సైట్ మైనస్ 3.5 అన్నాడు, ఆ మాటే ఎవరూ పట్టించుకోలేదు. గేజ్ మీద అంకె మసగ్గా కనపడితే ఎంకే17 ఏం చేస్తుంది? మొదటి డబ్బు మాస్క్ మీద పెట్టాలండి.

రెండు అద్దాల మాస్క్ తీసుకో. టూసా, మారెస్, క్రెస్సి, ముగ్గురూ పవర్ అద్దాలు విడిగా అమ్మే మోడళ్లు చేస్తారు, సగం పవర్ తేడాతో దొరుకుతాయి. కొనేముందు ఇలా చూడు. పట్టీ వెనక్కి తీసేసి, మాస్క్ ఊరికే ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా పీల్చు. చెయ్యి వదిలినా అతుక్కుని ఉండాలి. తర్వాత నోట్లో మౌత్‌పీస్ పెట్టుకుని మళ్లీ చూడు, ఎందుకంటే పళ్లు కరిచినప్పుడు బుగ్గలు కదిలి సందు పడుతుంది. దుకాణంలో అందంగా ఉన్నవి నాలుగు నా ముఖానికి నిలవలేదు, ఐదోది నిలిచింది. దాని పేరు నేనెప్పుడూ వినలేదు. ఆరేళ్లయింది, ఇంకా అదే.

మీసం ఉందా? ఉంటే నీళ్లు కారేది అక్కడినుంచే. మా ఆయన మీసం తీయనని పట్టుపట్టారు. చివరికి ముక్కు కింద సిలికాన్ అంచు ఆనేచోట మాత్రం వేలెడు సన్నగా గీసుకున్నారు, సరిపోయింది. వాసెలిన్ మాత్రం రాయొద్దండి, సిలికాన్ పాడైపోతుంది. కొత్త అద్దానికి లోపలివైపు పల్చటి పొర ఉంటుంది, తెల్ల టూత్‌పేస్ట్‌తో రెండు మూడుసార్లు రుద్ది కడగాలి. లేకపోతే ఎంత ఉమ్మేసి తుడిచినా ఆవిరి పడుతూనే ఉంటుంది.

బీసీడీ ఇప్పుడే వద్దు. మూడు కిలోలు పైనే ఉంటుంది, విమానంలో మామూలు టికెట్‌కి 15 కిలోలేగా. నేను అయిదడుగులు, అద్దె జాకెట్ ఉబ్బితే చెవుల దాకా ఎగదన్నేది, అందుకని నాకు తప్పలేదు. నీకు అద్దెవి సరిపోతుంటే ఆ డబ్బు డైవ్ కంప్యూటర్‌కి (లోతూ, ఇంకెంతసేపు ఉండొచ్చో చూపించేది) పెట్టు.

షార్జా_కరీంనగర్

అక్క మంచిగ చెప్పింది. కంప్యూటర్ అంటే షియర్‌వాటర్ కొను తమ్మీ. తెర ఎండలగూడ కనపడతది, గ్రేడియెంట్ ఫ్యాక్టర్లు (అది ఎంత జాగ్రత్తగ లెక్కేయాల్నో చెప్పే అంకెలు) మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు. వాళ్ల పెర్డిక్స్ మోడల్‌ల మామూలు పెన్సిల్ సెల్ ఏస్తే నడుస్తది, ఏ దీవిల పోయినా కిరాణ దుకాణంల దొరుకుతది.

నీటిపిట్ట

22 డైవ్‌ల వాడికి పెర్డిక్స్ ఎందుకండి? నా దగ్గరున్నది క్రెస్సి లియొనార్డో. ఒకటే బటన్, అంకెలు పెద్దవి, బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు. గ్రేడియెంట్ ఫ్యాక్టర్ అంటే ఏంటో తెలీకుండా మార్చేకన్నా, మార్చడానికి వీల్లేనిది చేతికి ఉండటం మేలు.

షార్జా_కరీంనగర్

మార్చమని నేనంటలేను అక్కా. డీఫాల్ట్ 40/85 మీదనే ఉంచుకోని దిగొచ్చు. రేపు 100 డైవ్‌లు అయినంక మళ్లీ ఇంకోటి కొనే పని ఉండదు గద.

అలలమీద

ఇద్దరూ చెప్పింది సబబే, కానీ ఈ కుర్రాడి బడ్జెట్ చూస్తే నేను అక్కవైపు. ఒక్క జాగ్రత్త. రెండు కంపెనీల లెక్కలు ఒకేలా ఉండవు. ఒకే డైవ్‌లో నీ కంప్యూటర్ ఇంకా 6 నిమిషాలు ఉందంటుంది, నీ జంట డైవర్‌ది 15 అంటుంది. ఎవరిది తక్కువ చూపిస్తే ఇద్దరూ దాన్నే పాటించండి. మా పడవలో దీనిమీద గొడవలు పడ్డవాళ్లున్నారు. "నాది ఖరీదైనది, నాదే కరెక్ట్" అని నీళ్లలో ఎవరూ అనుకోకూడదు. రోజుకి రెండు మూడు డైవ్‌లు చేసినప్పుడు ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి, అది ఏ బ్రాండ్‌కైనా ఒకటే.

భీమిలి_చేప

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకూ కొనాలని ఉంది కానీ అంత డబ్బు లేదు. పేరున్న బ్రాండ్ పాతది 25 వేలకి ఒకాయన ఇస్తానంటున్నాడు. "రెండేళ్లు వాడలేదు, కొత్తదానిలా ఉంది" అన్నాడు. తీసుకోనా?

పానా_స్క్రూడ్రైవర్

వాడలేదు అన్న మాటే నన్ను భయపెడుతుంది. కప్‌బోర్డులో ఊరికే ఉన్నా ఓ-రింగ్‌లు ఎండుతాయి, తలుపు ఆనేచోట సీటు మీద గీత పడుతుంది.

వెళ్లి ముందు ఫస్ట్ స్టేజ్ మూత తీసి, గాలి లోపలికి వెళ్లే చోట గుండ్రటి చిన్న ఫిల్టర్ ఉంటుంది, టార్చ్ వేసి చూడు. తళతళలాడే లోహం రంగులో ఉంటే సరే. ఆకుపచ్చగా ఉంటే ఉప్పునీళ్లు లోపలికి పోయాయి. ఎర్రగా ఉంటే స్టీల్ సిలిండర్ తుప్పు. నల్లగా ఉంటే కంప్రెసర్ మసి. పోయినేడు ఒక కుర్రాడు నా దగ్గరికి ఇలాంటిదే తెచ్చాడు, బయట అద్దంలా మెరుస్తోంది. ఫిల్టర్ తీస్తే పాత ఇత్తడి చెంబు అడుగులా ఆకుపచ్చగా పెచ్చు కట్టి ఉంది. 18 వేలు పెట్టాడు, ఆపైన మరమ్మతుకి ఇంకో 14 వేలు.

ఫిల్టర్ బాగుంటే, సిలిండర్‌కి తగిలించకుండా మూత పెట్టేసి సెకండ్ స్టేజ్‌లోంచి గట్టిగా పీల్చు. గాలి రాకూడదు. వస్తే ఎక్కడో చిల్లు ఉంది. గొట్టాలు కొసల దగ్గర వంచి చూడు, సన్నటి పగుళ్లు అక్కడే పడతాయి. తర్వాత సిలిండర్‌కి తగిలించి ఐదు నిమిషాలు ఊరికే ఉంచు. మొదట నిశ్శబ్దంగా ఉండి, కాసేపయ్యాక సెకండ్ స్టేజ్ సన్నగా బుసకొట్టడం మొదలుపెడితే లోపల సీటు పోయింది, ఫస్ట్ స్టేజ్ తగ్గించి గొట్టంలోకి వదిలిన ఒత్తిడి మెల్లగా పెరుగుతోంది. ఇవన్నీ దాటినా సర్వీసు చేయించకుండా దిగకు. ఆ ఖర్చు 25 వేలకి కలిపి చూసుకుని, కొత్త ఎంకే2 లాంటిది ఎంతవుతుందో కనుక్కో. పెద్ద తేడా ఉండకపోవచ్చు.

భీమిలి_చేప

చాలా థాంక్సండి. ఆదివారం టార్చ్ పట్టుకుని వెళ్తాను.

పాతడైవర్_గాజువాక

పానా చెప్పిన దానికి ఒక్క మాట. దిగేముందు గేజ్ ముల్లు చూస్తూ నాలుగుసార్లు గట్టిగా పీల్చు. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడి మళ్లీ లేస్తుంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదని అర్థం. నేను ఈ వయసులో కూడా ప్రతిసారీ ఇది చేస్తాను.

కృష్ణలంక_కుర్రోడు (మూడు వారాల తర్వాత)

అందరికీ దండాలు. అలలమీద అన్న చెప్పినట్టు మూడు చోట్లకి ఫోన్ చేశాను. ఇద్దరు స్కూబాప్రో చేస్తామన్నారు, కిట్లు మా దగ్గరే ఉంటాయన్నారు. ఒకాయన నా మోడల్ ఏంటని కూడా అడక్కుండా "తెండి, చూద్దాం" అన్నాడు, ఆయన్ని వదిలేశాను. ఎంకే17 తీసుకున్నాను, డిన్, అడాప్టర్‌తో. మాస్క్‌కి మైనస్ 3.5 అద్దాలు పెట్టించాను. కంప్యూటర్ లియొనార్డో. కరీంనగర్ అన్న ఏమీ అనుకోకు, 100 డైవ్‌లయ్యాక నీ మాట వింటాను. ఆక్టోపస్‌తో కలిపి బడ్జెట్‌లోనే అయింది, మిగిలిన డబ్బుతో విడిగా రెండు మౌత్‌పీస్‌లు, టైలు కొని సంచిలో పెట్టుకున్నాను.

నిన్న హైదరాబాద్‌లో కొలనులో దిగాను. అడుగున మోకాళ్ల మీద కూర్చుని పది నిమిషాలు ఊరికే ఊపిరి పీల్చాను. నీళ్లు రాలేదు. ఎదురుగా ఉన్న పలక మీద పగులు కూడా స్పష్టంగా కనపడింది. డిసెంబర్‌లో నేత్రాణి.

ఒక్క సందేహం. ఇంటికొచ్చి బకెట్‌లో మంచినీళ్లలో ముంచాను, లోపలిదాకా శుభ్రం కావాలని పర్జ్ బటన్ నొక్కాను. తప్పా?

పానా_స్క్రూడ్రైవర్

తప్పే బాబూ. గాలి ఒత్తిడి లేనప్పుడు పర్జ్ నొక్కితే తలుపు తెరుచుకుని నీళ్లు గొట్టంలోకి పోతాయి, అక్కడినుంచి ఫస్ట్ స్టేజ్‌కి పాకుతాయి. కంగారు పడకు, నీది కొత్తది, మంచినీళ్లే. దగ్గర్లో సిలిండర్ ఉన్నచోటికి తీసుకెళ్లి తగిలించి, ఓ నిమిషం పర్జ్ నొక్కి పట్టుకో, తడంతా ఊడ్చేస్తుంది. ఇకమీద మూత తుడిచి, ఆరాక, గట్టిగా బిగించి అప్పుడు ముంచు. బటన్ జోలికి పోకు.

కృష్ణలంక_కుర్రోడు

రేపు పొద్దున్నే కొలను దగ్గరికి తీసుకెళ్తాను.